రెండు పెగ్గులే కదా అనే ధీమా

తాగి బండి నడిపేవాళ్లకు శిక్షలు పెంచాలని ఈమధ్య ఒక వ్యాసంలో రాశారు. చట్టం ఇప్పటికే గట్టిగానే ఉందండీ. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరమే. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించిన తర్వాత మొదటిసారి దొరికినా 10,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకు జైలు, లేదా రెండూ. అయినా మనవాళ్లు భయపడేది పోలీసులకే, ప్రమాదానికి కాదు. హైదరాబాద్‌లో శనివారం రాత్రి చెకింగ్ ఎక్కడుందో వాట్సాప్‌లో చెప్పుకుని సందుల్లోంచి వెళ్లిపోయేవాళ్లను నేనే చూశాను.

పోయిన సంక్రాంతికి మా బావ మందు తాగి, పిల్లల్ని ఎక్కించుకుని కారు తీయబోతే తాళాలు లాక్కున్నాను. "ఇరవై ఏళ్లుగా నడుపుతున్నా, నువ్వా నాకు చెప్పేది" అని అందరి ముందూ అరిచాడు. పెద్దవాళ్లూ నన్నే తప్పుపట్టారు. అది నన్ను ఇంకా బాధపెట్టింది. నిమ్మరసం ఇస్తే దిగిపోతుందని మా అత్తయ్య. నిమ్మరసం, కాఫీ, చన్నీళ్ల స్నానం, ఏవీ రక్తంలోని మందును తగ్గించవు. కాలేయం దాన్ని కరిగించడానికి గంటలు పడుతుంది, అంతే.

ఆ తర్వాత బావ మూడు నెలలు మాతో మాట్లాడలేదు. ఈ పండక్కీ వస్తున్నాడు. తాళాలు మళ్లీ నేనే తీసుకుంటాను.