ఐన్‌స్టీన్ అనని మాట, తేనెటీగ చేయని పని

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్‌ల తర్వాత ఎక్కువగా తిరిగేది ఐన్‌స్టీన్ ఫొటోనే. మొన్న బి బ్లాక్ నీళ్ల ట్యాంకు కింద పెద్ద తేనెపట్టు కనిపించాక అది మళ్లీ వచ్చింది. ఫొటో కింద ఇలా ఉంది: 'తేనెటీగలు అంతరిస్తే మనిషి నాలుగేళ్లకు మించి బతకడు. మనం తినే ప్రతి ముద్దా వాటి చలవే. సెల్ టవర్లు వాటిని చంపేస్తున్నాయి. చెంచాడు చక్కెర నీళ్లు బాల్కనీలో పెట్టి కాపాడండి.' దాన్ని పంపిన పెద్దాయనే సాయంత్రానికి, పట్టు కాల్చేవాళ్లు ఎవరైనా తెలుసా అని అదే గ్రూపులో అడిగారు. జువాలజీ పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ని, ఊరుకోలేకపోయాను.

ఐన్‌స్టీన్ సంగతి ముందు తేల్చేద్దాం. ఆయన 1955లో పోయారు. ఆయన రాతల్లో గానీ ప్రసంగాల్లో గానీ ఈ మాట ఎవరికీ దొరకలేదు. ఆయన పేరుతో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది 1994లో. చవక దిగుమతి తేనెతో నష్టపోతున్న ఫ్రెంచి పెంపకందార్లు బ్రస్సెల్స్‌లో నిరసనకు దిగి, పంచిన కరపత్రంలో ఈ మాట వేశారు. గొడవ వాళ్లది, పేరు ఆయనది.

ఇక ప్రతి ముద్దా వాటి చలవే అన్నది. మన ముద్దంటే ముందు అన్నం. వరి పువ్వు తన పుప్పొడితోనే గింజ కడుతుంది. మొక్కజొన్నకు గాలి చాలు. జొన్న, గోధుమ కూడా ఈగల కోసం ఎదురుచూడవు. 2007లో వచ్చిన ఒక సమీక్ష ప్రపంచంలోని 115 ముఖ్య పంటలను లెక్కలోకి తీసుకుంది. వాటిలో 87 పంటలకు పుప్పొడి మోయడంలో పురుగుల, పక్షుల, జంతువుల సాయం ఎంతో కొంత ఉంది. కానీ పండే తిండి బరువు ప్రకారం చూస్తే ఆ పంటల వాటా సుమారు 35 శాతం. అందులోనూ సాయం ఉంటే దిగుబడి పెరిగేవే ఎక్కువ, అది లేకపోతే అసలు పండనివి తక్కువ. కాబట్టి తేనెటీగలు పోతే కడుపు మాడదు. పళ్లెం మాత్రం వెలవెలబోతుంది. పొద్దుతిరుగుడులో తాలు గింజలు మిగులుతాయి, గుమ్మడికీ పుచ్చకీ పిందెలు రాలిపోతాయి. అది చిన్న నష్టమేం కాదు, దాన్ని ఉన్నదున్నట్టు చెబితే చాలు.

పైగా ఆ సాయమంతా తేనెటీగదే అనుకుంటే మిగతా కూలీలకు అన్యాయం. అక్టోబరులో మన రోడ్ల పక్కన గంపల్లో పోసి అమ్మే సీతాఫలం, ఆ బాలానగర్ రకం కూడా, చిన్న పెంకుపురుగుల చలవ. ఖమ్మం వైపు వేస్తున్న ఆయిల్ పామ్ గెలలు నిండడానికి ఆఫ్రికా నుంచి తెచ్చిన ఒక ముక్కుపురుగు కావాలి. వంకాయ, టమాటా పువ్వుల్లో పుప్పొడి గొట్టాల్లో బిగించి ఉంటుంది, కొసన సన్నటి రంధ్రమే దారి. తేనెపట్టు ఈగకు దాన్ని దులపడం చేతకాదు. మన గండు తుమ్మెద అయితే పువ్వును పట్టుకుని ఒళ్లంతా జుమ్మని అదిలిస్తుంది, పుప్పొడి జలజలా రాలుతుంది. కవులు దాన్ని పద్మాల చుట్టూనే తిప్పారు గానీ, వంకాయ తోటలో దాని పనితనం ఎవరూ పద్యం కట్టలేదు.

అసలు 'తేనెటీగ' అని ఒకటే అన్నట్టు రాయడమే తప్పు. ఈ వంశంలో ఇప్పటిదాకా పేరుపెట్టినవే సుమారు 20,000 జాతులు. తేనె దాచి పట్టు పెట్టేవి వాటిలో గుప్పెడు. మిగతావి చాలావరకు ఒంటరివి, ఎక్కువగా మట్టిలో బొరియ తవ్వుకుంటాయి. డొమినికన్ రిపబ్లిక్‌లోని ఒక గుహలో అయితే, హుటియా అనే ఎలుకజాతి జంతువు శిలాజ దవడల్లో, పళ్లు ఊడిన గుంటల్లో ఈగలు గూళ్లు కట్టుకున్న ఆనవాళ్లు పరిశోధకులకు దొరికాయి. పన్ను పోయిన చోట పిల్లలకు గది! ఇలాంటి బతుకుల్ని ఒక్క ఫొటో కింద ఎలా ఇరికిస్తాం?

నాలుగేళ్ల లెక్కకు చరిత్ర కూడా ఒప్పుకోదు. 1620ల్లో యూరప్ ఓడలు తెచ్చేదాకా ఉత్తర అమెరికాలో తేనెపట్టు ఈగే లేదు. అక్కడివాళ్లు మొక్కజొన్న, గుమ్మడి పండించుకునే బతికారు, గుమ్మడికి స్థానిక ఒంటరి ఈగలు ఉండేవి. ఇంకా వెనక్కి వెళ్లాలంటే మన బిర్లా సైన్స్ సెంటర్‌కి వెళ్లండి. అక్కడున్న కోటసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం గోదావరి లోయలోని జురాసిక్ కాలపు 'కోట' రాతిపొరల్లో దొరికింది. ఆ పొరల్లోనే బుల్లి క్షీరదాల పళ్లూ దొరికాయి. తేనెటీగలు పుట్టింది ఆ తర్వాతే, దాదాపు 12 కోట్ల ఏళ్ల కిందట. మన దూరపు చుట్టాలు వాటికన్నా ముందే ఉన్నారు.

సెల్ టవర్ల మాటకొస్తే, 2007లో బ్రిటన్ పత్రికలో వచ్చిన కథనం దీనికి మూలాల్లో ఒకటి. అది ఆధారపడిన జర్మనీ ప్రయోగంలో గూళ్లలో పెట్టింది ఇంట్లో వాడే కార్డ్‌లెస్ ఫోన్ బేస్, టవర్ కాదు. అమెరికా పెంపకందార్లను బాగా ఏడిపించింది వర్రోవా అనే పేనులాంటి పురుగు. దానితోపాటు పురుగుమందులు, ఆకలి.

చక్కెర నీళ్లు వద్దు. వాటితో ఈగలకు పుప్పొడి అందదు, పది గూళ్ల ఈగలు ఒకే చెంచా మీద వాలితే రోగాలు పంచుకుంటాయి, మీకేమో చీమలు. తులసి పూత కోయకుండా ఉంచండి, కుండీ పక్కన కాస్త సిమెంటు లేని నేల వదలండి.

ఇక బి బ్లాక్ పట్టు. అవి కొండల్లోనూ కట్టే పెద్ద తేనెటీగలు. కందిరీగ దగ్గరికొస్తే పట్టు మీది ఈగలు వరసగా పొట్టలెత్తి అల కదిలినట్టు మెరుస్తాయి, బైనాక్యులర్‌లో చూస్తే కళ్లు తిప్పుకోలేం. పూలు తగ్గాక వాటంతటవే లేచి వేరే ఊరు పోతాయి. అందాకా ట్యాంకు దగ్గర పొగ పెట్టకండి, రాయి వేయకండి, పిల్లల్ని అటు పంపకండి. రాత్రి వెలుతురుకు ఈగలు కిందకు వస్తాయి కాబట్టి ఆ వైపు ఫ్లడ్ లైట్ ఆర్పమని వాచ్‌మన్‌కు చెప్పాను. పెద్దాయన సరేనన్నారు గానీ, కాల్చేవాడి నంబరు ఫోన్లోంచి ఇంకా తీసేయలేదు.