డెక్‌కి పర్మిట్ ఎందుకు అనే అన్నలకు

ఏప్రిల్ వస్తే చాలు, మా నార్తర్న్ వర్జీనియా తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో డెక్ సీజన్ మొదలవుతుంది. డెక్ అంటే ఇంటి వెనక చెక్కతో కట్టుకునే అరుగు. మంచి కాంట్రాక్టర్ ఉంటే చెప్పమని ఒకరు అడుగుతారు, నాలుగు నంబర్లు వస్తాయి. ఆ వెనకే ఎప్పుడూ ఒకే సలహా: "పర్మిట్ జోలికి పోకండి బ్రో, 200 స్క్వేర్ ఫీట్ లోపు అయితే అక్కర్లేదు." దాని కింద వరసగా బొటనవేళ్లు. ఈ ఒక్క మాట మీద నాకున్న కోపం ఇవాళ ఇక్కడ కక్కేస్తున్నా, ఏమీ అనుకోకండి.

ఆ 200 గాల్లోంచి ఊడిపడలేదు. అమెరికాలో చాలా రాష్ట్రాలు ఆధారంగా తీసుకునే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్‌లో ఉన్నదే. కాకపోతే ఆ రూలు అక్కడితో అయిపోదు. డెక్ 200 చదరపు అడుగులు దాటకూడదు, నేల నుంచి ఎక్కడా 30 అంగుళాల ఎత్తు మించకూడదు, ఇంటికి తగిలించి ఉండకూడదు, బయటపడటానికి ఇంటికి తప్పనిసరిగా ఉండాల్సిన తలుపు ముందు ఉండకూడదు. నాలుగూ కలిస్తేనే మినహాయింపు. పైగా ఎక్కడికక్కడ దాన్ని మార్చుకుంటారు కూడా. మరి మనవాళ్ల ఇళ్లు ఎలా ఉంటాయి? వాకౌట్ బేస్‌మెంట్ (వెనక వైపు నేరుగా బయటికి నడిచి వెళ్లే కింది అంతస్తు) కావాలని ప్రీమియం కట్టి మరీ లాట్ తీసుకుంటాం. కిచెన్ పక్కన స్లైడింగ్ డోర్ తీస్తే కింద తొమ్మిది పది అడుగుల లోతు. అక్కడ గోడకు బిగించి కట్టే డెక్‌కి ఈ మినహాయింపు ఏ మూల నుంచి వర్తిస్తుందో ఆ సలహా ఇచ్చే అన్నలే చెప్పాలి.

సరే, లెక్కే వేద్దాం. పన్నెండు బై పదహారు డెక్ అంటే 192 చదరపు అడుగులు, అంటే అన్నల లెక్కలో "లోపే". కోడ్ ప్రకారం చదరపు అడుగుకి 40 పౌండ్ల లైవ్ లోడ్ (మనుషులు, సామాన్ల బరువు) మోయాలి. మొత్తం 7,680 పౌండ్లు, దాదాపు మూడున్నర టన్నులు. మా పక్కింటాయన డెక్ మీద ఏడాదంతా ఉండేది ఆయన, ఆవిడ, ఒక కుక్క, ఒక గ్రిల్. మన డెక్ మీదో? సత్యనారాయణ వ్రతం అయ్యాక ప్లేట్లు పట్టుకుని సగం మంది అక్కడే. ఆపైన "అందరూ ఇటు రండి, ఒక్క ఫోటో" అనగానే జనమంతా రైలింగ్ పక్కకే. పర్మిట్ అవసరం ఎవరికైనా తక్కువేమో గానీ మనకు మాత్రం కాదు.

ఆ బరువులో దాదాపు సగం ఆనేది లెడ్జర్ మీద. ఇంటి గోడకు అడ్డంగా బిగించే పలక అది. దాన్ని అర అంగుళం లావున్న బోల్టులతోనో లాగ్ స్క్రూలతోనో బిగించాలి, ఉత్త మేకులతో కాదు. పైన నీళ్లు దిగకుండా వేసే ఫ్లాషింగ్ రేకు లేకపోతే వాన నీళ్లు పలక వెనక్కి దిగి లోపల చెక్క మెత్తబడిపోతుంది, పైనుంచి చూస్తే ఏమీ తెలీదు. ఇటుక గోడ ఉన్న ఇళ్లకైతే ఇంకో చిక్కు. ఆ ఇటుక ముఖానికి వేసిన పొర మాత్రమే, వెనక ఖాళీ ఉంటుంది, డెక్‌ని మోసే బలం దానికి లేదు. అలాంటి చోట డెక్‌ని సొంత స్తంభాల మీద నిలబెట్టాలి. మీకు తెలిసినవాళ్ల డెక్ కిందికి ఓసారి వంగి చూడండి. లెడ్జర్ మీద మేకు తలలు, వాటి కింద తుప్పు చారలు కనిపిస్తే ఆ రోజు భోజనం లోపలే కానివ్వండి.

2003 జూన్ 29న షికాగోలో పార్టీ జరుగుతుండగా ఒక అపార్ట్‌మెంట్ వెనక పోర్చ్ కూలి 13 మంది చనిపోయారు. దాన్ని పర్మిట్ లేకుండా, ఉండాల్సిన దానికంటే పెద్దగా కట్టారని నగర అధికారులు అన్నారు. పర్మిట్ ఉంటే అంతా భద్రమే అని నేను అనను. 2015లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఆరుగురిని బలిగొన్న బాల్కనీ దొంగతనంగా కట్టింది కాదు, తడికి లోపలి దూలాలు కుళ్లిపోయాయి. కానీ పునాది గుంటలోకి, ఫ్రేమింగ్ (దూలాల చట్రం) కిందికి తొంగిచూసే మూడో మనిషి ఒకడు ఉండటం మనకు దొరికే చవకైన బీమా.

మా మిత్రుడి ఇంట్లో ఆ మూడో మనిషే పనికొచ్చాడు. ఫుటింగ్ (పునాది గుంట) ఇన్‌స్పెక్షన్ కాకముందే కాంట్రాక్టర్ కాంక్రీట్ పోసేశాడు. ఇక్కడ గుంట కనీసం 24 అంగుళాల లోతుండాలి, లేకపోతే చలికాలం నేల గడ్డకట్టి పునాదిని పైకి నెడుతుంది. ఇన్‌స్పెక్టర్ వచ్చి, నాకు కనపడనిది నేను పాస్ చేయను అన్నాడు. తవ్వి తీస్తే ఒక గుంట మోకాలి లోతు కూడా లేదు. కౌంటీ వాళ్లు (పర్మిట్ ఇచ్చే స్థానిక ప్రభుత్వం) సతాయిస్తున్నారని కాంట్రాక్టర్ గొణుగుడు!

అన్నిటికంటే నాకు ఒళ్లు మండేది "పర్మిట్ మీ పేరు మీద తీసుకోండి సార్, ఈజీ" అనే కాంట్రాక్టర్లను చూస్తే. అందులో సంతకం పెట్టే అఫిడవిట్ ఏమిటో చదివారా? పని మీరే చేయించుకుంటున్నారు, బాధ్యత మీదే అని. సాధారణంగా ఆ మాట అనేవాడికి లైసెన్స్ ఉండదు. వర్జీనియాలో లైసెన్స్ ఉన్నవాడు మోసం చేస్తే కోర్టు తీర్పు తెచ్చుకుని అడగడానికి రాష్ట్రం రికవరీ ఫండ్ ఒకటి పెట్టింది. లేనివాడి చేతిలో పడితే అదీ లేదు.

మనకు ఈ ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ముందు కట్టేద్దాం, తర్వాత బీఆర్ఎస్ వస్తుందిలే అనే అలవాటు. పార్టీ కాదు మహాప్రభో, 2015లో తెలంగాణలో వచ్చిన బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్. ఇక్కడ అలా ఎదురు చూస్తే ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల ఇన్‌స్పెక్టర్ పట్టుకుంటాడు. పర్మిట్ తీసుకుని ఫైనల్ ఇన్‌స్పెక్షన్‌కి పిలవకుండా వదిలేసినవాళ్లదీ దాదాపు అదే గతి.

పేపర్ వర్క్ టెన్షన్ అంటారా, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ మామూలు డెక్‌లకు రెడీమేడ్ డ్రాయింగులే పెట్టింది. వాటి ప్రకారం కడితే ఇంజనీర్ కూడా అక్కర్లేదు. తిట్టాలనుంటే హెచ్ఓఏని, అదే కాలనీ ఇళ్ల యజమానుల సంఘాన్ని, తిట్టండి, నేనూ గొంతు కలుపుతాను. డెక్ నిలబడుతుందా లేదా అని ఒక్క ప్రశ్న ఉండదు, రైలింగ్ తెలుపా బాదంరంగా అని మాత్రం మూడు ఫారాలు. అయినా దాని అనుమతి వేరు, కౌంటీ పర్మిట్ వేరు, రెండూ కావాలి. పైకప్పు వేసి పోర్చ్ చేద్దామనుకుంటే సెట్‌బ్యాక్ (స్థలం హద్దు నుంచి వదలాల్సిన దూరం) లెక్కలూ మారవచ్చు, ముందే ప్లాట్ మ్యాప్ తీసి ఈజ్‌మెంట్ (మీ స్థలంలోనే ఇతరుల వాడకానికి హక్కున్న భాగం) గీతలు చూసుకోండి. తవ్వే ముందు 811కి ఫోన్ చేయించండి, గ్యాస్ లైన్ ఎక్కడుందో ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు.

కాంట్రాక్టర్ నంబర్ కోసం నాకు ఇన్‌బాక్స్ చేయకండి. మీకు నచ్చిన పేరు డీపీఓఆర్ (వర్జీనియాలో కాంట్రాక్టర్లకు లైసెన్స్ ఇచ్చే రాష్ట్ర శాఖ) వెబ్‌సైట్‌లో కొట్టి లైసెన్స్ చూసుకోండి. పర్మిట్ ఎవరి పేరు మీద అని మొదటి ఫోన్‌లోనే అడగండి.