డబ్బా దౌత్యం

ఖండాంతర క్షిపణుల మీద సదస్సులు జరుగుతాయి. సముద్ర జలాల సరిహద్దుల మీదా జరుగుతాయి. టీవీ చర్చల్లో నలుగురు నిపుణులు కూర్చుని, ఒకరి మాట ఒకరు వినకుండా, ప్రపంచ శాంతిని కాపాడుతుంటారు. కానీ ఏటా డిసెంబరు మూడో వారంలో ఎర్ర రిబ్బను కట్టుకుని గుమ్మంలోకి వచ్చే రేకు డబ్బా గురించి మాత్రం ఒక్కరూ నోరు విప్పరు. చేసేది లేక ఆ బాధ్యత నేనే నెత్తిన వేసుకుంటున్నాను. నీకేం అర్హత ఉందంటారా? ఆరేళ్లుగా నేను సరిహద్దులో కాపురం ఉంటున్నాను. మా తలుపుకీ ఎదురింటి తలుపుకీ మధ్య ఆరడుగుల దూరం.

క్రిస్మస్‌కి ఇంట్లో చేసే కేకులూ కుకీలూ తినడానికేనని అమాయకులు అనుకుంటారు. తినడానికే అయితే నలుగురున్న ఇంట్లో తొంభై ఆరు కుకీలు ఎందుకు చేస్తారు? అవి పంపడానికి చేసేవి. ఎదురింటావిడ డబ్బా చేతిలో పెట్టి "ఏదో ఇంట్లో చేశానండీ, రుచి చూడండి" అంటుంది. ఆ "ఏదో" దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఆ రెండక్షరాల వెనక మూడు రాత్రుల జాగారం ఉంటుంది. ఇక మనం ఊరుకోలేం. డబ్బా ఖాళీగా తిరిగి ఇవ్వకూడదు కదా. వాళ్లు ఆరు పంపితే మనం పన్నెండు. పన్నెండు అందుకున్న వాళ్లు మరుసటి ఏడు రెండు రకాలు. రక్షణ నిపుణులు దీన్ని ఆయుధ పోటీ అంటారు. మా ఇంట్లో పండగ అంటాం.

ఎవరు మొదలుపెట్టారన్నది వివాదాస్పదం. మా ఆవిడ లెక్కలో వాళ్లే. మొదటి ఏడు ఒక సాసరులో ఆరు షార్ట్‌బ్రెడ్ బిస్కట్లు వచ్చాయి. షార్ట్‌బ్రెడ్‌లో ఏముంటుంది? పంచదార ఒక వంతు, వెన్న రెండు వంతులు, మైదా మూడు వంతులు. అంతకు మించి ఏమీ ఉండదు. అంత సాదాసీదా సరుకుతో మమ్మల్ని ఏమార్చారు. మేం జింజర్ కుకీలతో బదులిచ్చాం. వాళ్లు కోకో పొడిలో దొర్లించిన చాక్లెట్ ట్రఫుల్స్‌తో వచ్చారు. మేం ఎండు పండ్ల ముద్ద పెట్టి కాల్చిన మిన్స్ పైలు. అయిదో ఏడు వాళ్లింటి నుంచి ఏకంగా జింజర్‌బ్రెడ్ ఇల్లు, అంటే అల్లం బిస్కట్ పలకలతో కట్టిన ఇల్లు వచ్చింది. నాలుగు గోడలు, పైకప్పు, పొగగొట్టం. అన్నిటికీ మించి, కిటికీలకు అద్దాలు! పంచదార బిళ్లల్ని పొడి చేసి కిటికీ కంతల్లో పోసి ఒవెన్‌లో పెడితే కరిగి గాజులా గడ్డకడతాయట. మా బాత్రూం కిటికీకి రెండేళ్లుగా అట్ట ముక్క అడ్డం పెట్టి ఉంది. ఆ రాత్రి మా ఆవిడ నిద్రపోలేదు. నా వైపు తిరిగి పడుకోలేదు కూడా.

పోటీకి హద్దు ఉంటుందని ఆశపడే వాళ్ల కోసం ఒక వార్త. 2013లో అమెరికాలోని టెక్సస్‌లో జింజర్‌బ్రెడ్‌తో మనుషులు లోపల తిరిగేంత ఇల్లు కట్టి గిన్నిస్ రికార్డు కొట్టారు. గుడ్లే 7,200 పట్టాయి. కట్టే ముందు మామూలు ఇంటికి తీసుకున్నట్టే నిర్మాణ అనుమతి కూడా తీసుకున్నారు. వాళ్లు ఎవరింటి డబ్బాకి బదులుగా అది కట్టారో నాకైతే అర్థమవుతూనే ఉంది.

మా ఇంట్లో యుద్ధం ప్రకటించే పద్ధతి వేరు. కేకలు ఉండవు. ఒకరోజు పొద్దున్నే చూస్తే, ఫ్రిజ్‌లో ఉండాల్సిన వెన్న వంటింటి గట్టు మీద ఉంటుంది. అంతే, సైన్యం కదిలిందన్నమాట. గట్టిగా ఉన్న వెన్నలో పంచదార కలవదు. మెత్తబడ్డాక కలిపి గిలక్కొడితే గాలి బుడగలు పట్టి కుకీ గుల్లగా వస్తుంది. మరీ మెత్తబడితే మాత్రం కొంప మునుగుతుంది. అందుకే అచ్చు వేశాక అరగంట ఫ్రిజ్‌లో పెట్టి, ఆ తర్వాతే ఒవెన్‌లోకి పంపాలి. ఈ అరగంట ఎందుకని ఒక ఏడాది నేను సలహా ఇచ్చాను. ట్రేలో పన్నెండు నక్షత్రాలు లోపలికి వెళ్లాయి, ఒక ఖండం బయటికి వచ్చింది. అప్పటినుంచి నన్ను వ్యూహ రచన నుంచి తప్పించి జీడిపప్పు తరిగే విభాగానికి బదిలీ చేశారు.

పౌరుల బాధలు ఏ యుద్ధంలోనూ ఎవరికీ పట్టవు. మా ఇంట్లో రెండు డబ్బాలుంటాయి. పంపే డబ్బా, ఇంటి డబ్బా. పంపే డబ్బాలోకి వెళ్లాలంటే అంచు మాడకూడదు, ఐసింగ్ చెదరకూడదు, జింజర్‌బ్రెడ్ మనిషికి పెట్టిన బొత్తాలు మూడూ ఒకే వరసలో ఉండాలి. ఈ పరీక్షలో తప్పినవన్నీ ఇంటి డబ్బాలోకి వస్తాయి. అంటే మాకు. ఇన్నేళ్లలో నేను తల ఉన్న జింజర్‌బ్రెడ్ మనిషిని ఒక్కణ్నీ తినలేదు. తలా కాలూ లేనివాడు, తలా చెయ్యీ లేనివాడు, ఒకసారి కేవలం మొండెం. మొదటి ఎలిజబెత్ రాణి కొలువులో విదేశీ అతిథుల పోలికలతో జింజర్‌బ్రెడ్ బొమ్మలు చేయించి వాళ్లకే పెట్టేవారని చెబుతారు. నీ తల నువ్వే కొరుక్కో అని ఇంత తియ్యగా చెప్పడం దౌత్యంలో మళ్లీ ఎవరికీ చేతకాలేదు. కనీసం వాళ్లకు తలైనా దొరికింది.

ఇక అసలు ఆయుధం దగ్గరికి వద్దాం. ఫ్రూట్ కేకు.

మిగతావన్నీ పేలి ఊరుకుంటాయి. కుకీ వారంలో మెత్తబడుతుంది, ట్రఫుల్ మూడో రోజుకి మాయమవుతుంది. ఫ్రూట్ కేకు అలా కాదు. నెలన్నర ముందే కిస్‌మిస్‌లు, నారింజ తొక్కలు, చెర్రీలు రమ్ములోనో బ్రాందీలోనో నానతాయి. తర్వాత సన్నటి వేడి మీద మూడు నాలుగు గంటలు కాలుతుంది. కాలాక దానికి పుల్లతో పొడిచి, కంతల్లో వారానికోసారి చెంచాడు బ్రాందీ పోస్తారు. దీన్ని "కేకుకి తినిపించడం" అంటారు. ఇంట్లో అందరూ ఇంటి డబ్బాలోని మొండేలు తింటుంటే ఒక కేకు మాత్రం వారానికోసారి బ్రాందీ తాగుతుంది. ఇంతకీ దాని చిరంజీవత్వంలో మాయ ఏమీ లేదు. అంత పంచదార, అంత మద్యం ఉన్నచోట బూజుకీ సూక్ష్మజీవులకీ బతకడానికి కావలసిన నీరు దొరకదు. పాపం అవి కూడా ఆ కేకు తినలేవు.

ఇది నా ఊహ కాదు, సాక్ష్యం ఉంది. 2017లో న్యూజిలాండ్‌కి చెందిన అంటార్కిటిక్ హెరిటేజ్ ట్రస్ట్ వాళ్లు అంటార్కిటికాలోని కేప్ అడేర్ దగ్గర పాత గుడిసెలో సామాన్లు సర్దుతుంటే ఒక ఫ్రూట్ కేకు బయటపడింది. దక్షిణ ధ్రువ యాత్రకి వెళ్లిన కెప్టెన్ స్కాట్ బృందం 1911 ప్రాంతంలో తీసుకెళ్లినది. 106 ఏళ్లు. డబ్బా తుప్పు పట్టింది, కేకు పట్టలేదు. చూడ్డానికీ వాసనకీ దాదాపు తినేటట్టే ఉందన్నారు. గమనించండి, "తినేటట్టే ఉంది" అన్నారు, ఎవరూ తినలేదు. శుభ్రం చేసి, భద్రపరిచి, తిరిగి అక్కడికే పంపాలని తేల్చారు. మంచు ఖండంలో, పక్కిల్లు అన్న మాటే లేనిచోట కూడా ఫ్రూట్ కేకు ఒక చేతి నుంచి ఇంకో చేతికి వెళ్లి, మొదటి చోటికే తిరిగి చేరాలి! అది కంపెనీ కేకే, ఒప్పుకుంటాను. ఇంట్లో చేసినదైతే గుడిసె కూడా నిలిచేది కాదేమో.

అమెరికాలోని కొలరాడోలో మానిటూ స్ప్రింగ్స్ అనే ఊరివాళ్లు ఈ విషయంలో నిజాయితీపరులు. 1996 నుంచి అక్కడ మిగిలిపోయిన ఫ్రూట్ కేకుల్ని విసిరే పోటీ పెట్టారు. చేత్తో విసిరారు, వడిసెలలాంటి యంత్రాలు కట్టి కూడా విసిరారు. ఫ్రూట్ కేకు ఆయుధమేనని బాహాటంగా ఒప్పుకున్న ఊరు నాకు తెలిసి అదొక్కటే.

నిరాయుధీకరణకి ఎవరూ ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించారు. 1647లో ఇంగ్లండు పార్లమెంటు ఏకంగా క్రిస్మస్ పండగనే రద్దు చేసింది. ఆ డిసెంబరులో కాంటర్‌బరీలో పండగ రోజు దుకాణాలు తెరవాలని మేయర్ పట్టుబడితే జనం వీధుల్లోకి వచ్చి అల్లర్లు చేశారు. ఆ అల్లర్లకి చరిత్రలో ప్లమ్ పుడింగ్ అనే క్రిస్మస్ తీపి వంటకం పేరు అతుక్కుపోయింది. రాజు లేని ఆ ప్రభుత్వం పోయి 1660లో రాజు తిరిగొచ్చాడు, పండగా తిరిగొచ్చింది. పుడింగ్‌తో పెట్టుకున్న ప్రభుత్వం ఎక్కువ కాలం నిలవదని నేను అనడం లేదు, తేదీలు చెబుతున్నానంతే.

వెన్న మీద ఒప్పందం కూడా ఒకటి ఉంది. క్రిస్మస్ ముందరి రోజులు ఉపవాస దినాలు కాబట్టి, జర్మనీలోని శాక్సనీ వాళ్లు క్రిస్మస్‌కి చేసుకునే తమ స్టోలెన్ రొట్టెలో వెన్న వాడకూడదు, నూనె వాడాలి. ఆ నూనె రొట్టె ఎలా ఉండేదో గాని, పాలకులు పోప్‌కి అర్జీ పెట్టుకున్నారు. 1491లో ఎనిమిదో ఇన్నోసెంట్ పోప్ వెన్నకి అనుమతి ఇస్తూ లేఖ పంపాడు. దానికి బదులు డబ్బు చెల్లించాలన్న షరతుతో. చరిత్రలో దాన్ని వెన్న లేఖ అంటారు. పర్యవసానం ఏమైంది? 1730లో అదే శాక్సనీలో అగస్టస్ మహారాజు దాదాపు 1.8 టన్నుల స్టోలెన్ చేయించాడు. ఎక్కడనుకున్నారు? సైనిక విన్యాసాల శిబిరంలో. అదీ జూన్ నెలలో. క్రిస్మస్ అన్న సాకు కూడా లేదు.

ఇంత చరిత్ర చదివాక నాకు జ్ఞానోదయమైంది. పార్లమెంట్ల వల్ల కానిది, పోప్‌ల వల్ల కానిది, ఇద్దరు భర్తలు కూర్చుంటే అవుతుంది. ఒక ముసాయిదా రాశాను. ఇంటికి ఒకే రకం, పన్నెండుకి మించరాదు. పైకప్పు ఉన్నదేదీ గుమ్మం దాటరాదు. డబ్బా ఖాళీగా తిరిగొస్తే దాన్ని అవమానంగా కాక అందినట్టు రసీదుగా భావించాలి. "ఏదో" అన్న మాట ఇరుపక్షాలూ వాడరాదు. విరిగినవి కూడా పంపవచ్చు. ఈ చివరి షరతు దగ్గర నా చెయ్యి కొంచెం వణికింది.

నిన్న సాయంత్రం ఆ కాగితం జేబులో పెట్టుకుని ఆరడుగులు దాటాను. ఎదురింటాయన తలుపు తీశాడు. కనుబొమల మీద మైదా, చేతిలో కాలు లేని జింజర్‌బ్రెడ్ మనిషి. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆయన రెండో చేత్తో గోడ పక్కనున్న డబ్బా తీసి మూత తెరిచి నా ముందు పెట్టాడు. అన్నీ మొండేలే. ఒకటి తీసుకున్నాను. కాగితం పూర్తిగా చదవకుండానే "ఎక్కడ సంతకం పెట్టాలో చెప్పండి" అన్నాడు. పెట్టాడు. మేం చేతులు కలిపాం. అంతర్జాతీయ సంబంధాల్లో ఇంత తొందరగా తెమిలిన ఒప్పందం ఇంకొకటి ఉండదు.

లేచి గుమ్మం దాటుతుంటే లోపలి నుంచి ఆవిడ వచ్చింది. "అన్నయ్యగారూ, ఉత్త చేతులతో వెళ్తారా? ఏదో చేశాను, వదినగారికి ఇవ్వండి" అంది.

డబ్బా బరువుగా ఉంది. నేను ఆయన వైపు చూశాను. ఆయన కాళ్ల వైపు చూసుకున్నాడు.

మా ఆవిడ మూత తీసింది. లోపల స్టోలెన్. పైన మంచులా దట్టంగా పంచదార పొడి, కోస్తే మధ్యలో బాదం ముద్ద, అక్కడక్కడ నారింజ తొక్క. చిన్న ముక్క తుంపి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

"ఒప్పందం కుదిరింది," అన్నాను, కాగితం చూపిస్తూ. "ఇదిగో, ఆయన సంతకం కూడా ఉంది."

ఆవిడ కాగితం అందుకుని, పంచదార అంటిన వేళ్లు దానికి తుడుచుకుంది. తర్వాత ఫ్రిజ్ తెరిచి వెన్న తీసి గట్టు మీద పెట్టింది. ఒకటి కాదు, మూడు పాకెట్లు.