బొమ్మల సినిమాయే కదా!

బొమ్మల సినిమా అంటే పిల్లల సినిమాయేనని తీర్మానించేసే పెద్దలను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. మొన్నటి ఆదివారం నుంచి ఆ పెద్దల్లో నేనూ ఒకణ్ణి గనుక, ఆ మంట కొంత నా మీద కూడా. తెరమీద తల్లి ఏనుగు ఊబిలో కూరుకుపోవడం మొదలైన దగ్గర నుంచి మా అక్క కూతురు, అయిదేళ్ల పిల్ల, పాప్‌కార్న్ ముట్టలేదు, నా చూపుడువేలు తెల్లబడేలా పట్టుకుని, "మామయ్యా, వాళ్లమ్మ లేస్తుందా?" అని అడుగుతూనే ఉంది. వెనక సీటాయన "బొమ్మలే కదమ్మా" అని నవ్వాడు.

2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, పిల్లలకు చూపాలో లేదో పెద్దలు ఆలోచించుకోవాలని సెన్సారు వాళ్లు ఇచ్చే, అంతవరకు ఒకటిగా ఉన్న యూఏ వర్గాన్ని 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడగొట్టారు, మంచిదే. అయితే ఆ గుర్తు తల్లిదండ్రులకు సూచన మాత్రమే, థియేటర్ వాళ్లు పిల్లలను ఆపవలసిన పని లేదు. నిర్ణయాన్ని మనకే వదిలినప్పుడు, అందుకు కావలసిన సమాచారమైనా ఇవ్వాలి కదా! నేను టికెట్లు కొన్న యాప్‌లో సీటు ధర, త్రీడీ అన్న మాట కొట్టొచ్చినట్టు కనబడ్డాయి. 7+ అన్న గుర్తు మాత్రం చీమతలకాయంత ఉంది, అది మోటు హాస్యానికి ఇచ్చారో, తల్లి చావుకు ఇచ్చారో చెప్పే ముక్క ఒక్కటీ లేదు. ఓటీటీలకైతే, వయసుతో పాటు అందులో ఏముందో కూడా చూపాలని 2021 నిబంధనలు చెబుతున్నాయి. థియేటర్‌కు ఆ మర్యాద ఎందుకు వర్తించదో నాకు అర్థం కాదు.

పిల్ల రాత్రిపూట లైటు తీయనివ్వడం లేదని అక్క రోజూ ఫోన్ చేస్తోంది.