దేంట్లో వాటా? మహిళా బాస్కెట్‌బాల్ జీతాల అసలు లెక్క

మహిళా క్రీడాకారుల జీతాల ప్రస్తావన వస్తే మన దగ్గర వాదన రెండు మాటల్లో తేలిపోతుంది. మగవాళ్లతో సమానంగా ఇవ్వాలని ఒకరంటారు. చూసేవాళ్లు తక్కువ, డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందని ఇంకొకరంటారు. విశాఖలో ఎవరిని కదిపినా ఇంతే. ఈ రెండు మాటల్లో ఏదీ అసలు పేచీ దగ్గరికి వెళ్లదు. అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలో ఆటగాళ్లకూ యాజమాన్యానికీ నడిచిన గొడవంతా వచ్చిన డబ్బులో దేన్ని ‘ఆదాయం’ అనాలి, అందులోంచి ముందు ఏది తీసేయాలి, ఆ లెక్క ఎవరు రాయాలి అన్నవాటి మీదే. మన దేశంలో రేపు మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ నిలదొక్కుకున్నా ఇదే గొడవ వస్తుంది. కాబట్టి అక్కడి లెక్కను కాస్త దగ్గరగా చూడటం మంచిది.

2020 జనవరిలో కుదిరిన ఒప్పందం ఆ రోజుకు నిజంగా మంచి ఒప్పందమే. గరిష్ఠ మూల జీతం 2,15,000 డాలర్లకు చేరింది. ప్రసూతి సెలవులో పూర్తి జీతం, పిల్లలున్న ఆటగాళ్లకు రెండు పడకగదుల ఇల్లు, ప్రయాణాల్లో ఒక్కొక్కరికి ఒక్కో హోటల్ గది, విమానంలో కాళ్లు చాపుకునే సీటు అన్నీ అందులో వచ్చాయి. పొడుగు మనుషులు కాబట్టి ఆ చివరిది విలాసం కిందికి రాదు. ఇంత బాగున్న కాగితం నాలుగేళ్లకే ఎందుకు పనికిరాకుండా పోయింది?

కారణం జట్టు వేతన పరిమితిలో ఉంది. దాన్ని ఏటా 3 శాతం చొప్పున పెంచుకుంటూ పోవాలని ముందే రాసేసుకున్నారు. 2020లో ఒక్కో జట్టు జీతాల మీద పెట్టగలిగేది 13 లక్షల డాలర్లు. 2025కి అది 15,07,100 డాలర్లయింది. లీగ్ సంపాదన పడిపోతే ఆటగాళ్లకు రక్షణ ఇవ్వాల్సిన నియమం ఇది. కానీ సంపాదన ఎగసిపడింది. 2023లో గోల్డెన్ స్టేట్ జట్టు లీగ్‌లో చేరడానికి 5 కోట్ల డాలర్లు కట్టింది. 2025లో క్లీవ్‌లాండ్, డెట్రాయిట్, ఫిలడెల్ఫియా నగరాలకు జట్లు ఇస్తూ ఒక్కోదానికి పెట్టిన రేటు 25 కోట్ల డాలర్లు. రెండేళ్లలో ప్రవేశ రుసుము ఐదింతలైతే, అదే రెండేళ్లలో వేతన పరిమితి పెరిగింది 6 శాతం.

ఇంకో కూడిక చేద్దాం. 2025లో ఆడిన జట్లు 13. పరిమితి మేరకు అందరూ ఖర్చుపెట్టారనుకున్నా లీగ్ మొత్తం జీతాల బిల్లు 1.96 కోట్ల డాలర్లు. 2024 జులైలో కుదిరిన 11 ఏళ్ల ప్రసార ఒప్పందం విలువ 220 కోట్ల డాలర్లు, అంటే ఏడాదికి 20 కోట్లు. టికెట్లు, స్పాన్సర్లు, జెర్సీల అమ్మకం పక్కన పెట్టినా, 2026 నుంచి వచ్చే ప్రసార డబ్బులో పదో వంతు కూడా కాదు ఆ జీతాల బిల్లు. అమెరికా మగవాళ్ల లీగ్ ఎన్‌బీఏలో ఆటగాళ్లకు బాస్కెట్‌బాల్ సంబంధిత ఆదాయంలో దాదాపు సగం దక్కుతుంది. డబ్ల్యూఎన్‌బీఏ ఆటగాళ్లు అడిగింది ఎన్‌బీఏ స్టార్ల జీతం కాదు. అలాంటి నిష్పత్తి పద్ధతి. ఈ తేడా పట్టించుకోకుండా సోషల్ మీడియాలో మీమ్స్ నడిచాయి.

2020 ఒప్పందంలో ఆదాయ పంపిణీ లేదా అంటే ఉంది. పెరిగిన ఆదాయంలో ఆటగాళ్లకు సగం ఇస్తామని రాశారు. మెలిక ఏమిటంటే, ఆ పంపిణీ మొదలవ్వాలంటే లీగ్ కొన్ని ఆదాయ లక్ష్యాలను దాటాలి, ఆ లక్ష్యాలు ఏ ఏటికా ఏడు విడిగా కాకుండా మొదటి నుంచీ పోగుపడే పద్ధతిలో లెక్కకొస్తాయి. సంతకాలైన రెండు నెలలకే కోవిడ్. ఆ ఏడాది సీజన్ అంతా ఫ్లోరిడాలోని ఒకే ప్రాంగణంలో, ప్రేక్షకులు లేకుండా, జట్టుకు 22 మ్యాచ్‌లతో ముగిసింది. అక్కడ పడిన గొయ్యిని తర్వాతి ఏళ్లు పూడ్చుకుంటూ రావాల్సి వచ్చింది. ఒక ఏడాది తుపానుకు పంట పోతే ఆ బాకీ తీరాకే కౌలు రైతుకు గింజ దక్కుతుందన్నట్టు తయారైంది వ్యవహారం. కాగితం మీద సగం వాటా ఉంది, చేతికి రావడానికి దారి లేదు.

యాజమాన్యం వైపు వాదనలోనూ పస ఉంది. ఆ లీగ్ 1997 నుంచి ఆడుతోంది, చాలా ఏళ్లు నష్టాల్లోనే నడిచింది. ఏటా సగటున కోటి డాలర్ల నష్టం వచ్చిందని ఎన్‌బీఏ కమిషనర్ ఆడమ్ సిల్వర్ 2018లో చెప్పారు. 2024 నుంచి ప్రత్యేక విమానాలు పెట్టారు, దానికి ఏటా రెండున్నర కోట్ల డాలర్లు. అంటే జీతాల బిల్లు కంటే విమానాల బిల్లే ఎక్కువ! కొత్త జట్ల ప్రవేశ రుసుము కూడా ఆదాయం కాదు, పాత యజమానుల వాటా పలచబడినందుకు పరిహారం అని వాళ్ల మాట. మగవాళ్ల లీగ్‌లోనూ ఆ డబ్బును ఆటగాళ్లతో పంచుకోరు. ఈ విషయంలో యజమానులతో పోట్లాడటం దండగే.

పోట్లాడాల్సింది ప్రసార హక్కుల దగ్గర. 2024లో ఎన్‌బీఏ, డబ్ల్యూఎన్‌బీఏ హక్కులను కలిపి డిస్నీ, ఎన్‌బీసీ, అమెజాన్ సంస్థలకు అమ్మారు. మొత్తం దాదాపు 7,700 కోట్ల డాలర్లు. అందులో మహిళల లీగ్ ఖాతాలో పడింది 220 కోట్లు, మూడు శాతం కంటే తక్కువ. గంపగుత్తగా అమ్మినప్పుడు ఏ సరుకుకు ఎంత వచ్చిందో బజారు చెప్పదు, అమ్మినవాడు చెబుతాడు. పైగా యాజమాన్య చిత్రం చూడండి. 2022లో బయటి మదుపుదారుల నుంచి 7.5 కోట్ల డాలర్లు తెచ్చాక లీగ్‌లో 42 శాతం ఎన్‌బీఏ యజమానులది, 42 శాతం డబ్ల్యూఎన్‌బీఏ జట్ల యజమానులది, 16 శాతం ఆ మదుపుదారులది. గంపలో ఎవరి పాలు ఎంతో తేల్చేవాళ్లూ, రెండు వైపులా లాభం తీసుకునేవాళ్లూ చాలావరకు ఒక్కరే.

ఆటగాళ్లు ఇందులోంచి బయటపడిన తీరులో నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఏళ్ల తరబడి వాళ్ల అసలు సంపాదన విదేశాల్లో. స్టార్ క్రీడాకారిణి డయానా టురాసీ 2015 సీజన్ మొత్తం అమెరికాలో ఆడలేదు. ఆమె రష్యా క్లబ్బు విశ్రాంతి తీసుకోమని డబ్బిచ్చింది. 2022లో మరో స్టార్ బ్రిట్నీ గ్రైనర్ రష్యాలో అరెస్టయి డిసెంబరు దాకా నిర్బంధంలో ఉండటంతో ఆ దారి ఎంత ప్రమాదమో తెలిసొచ్చింది. విదేశీ సీజన్ వల్ల ఆలస్యంగా వచ్చే సీనియర్లకు 2023లో జరిమానా, 2024 నుంచి ఆ సీజన్ మొత్తం నిషేధం అన్న నిబంధన వచ్చి పడింది. అప్పుడు నఫీసా కాలియర్, బ్రెయానా స్టీవర్ట్ కలిసి మయామిలో అన్‌రైవల్డ్ అనే ముగ్గురేసి ఆడే లీగ్ పెట్టారు. 2025 జనవరిలో మొదలైన ఆ లీగ్‌లో సగటు జీతం 2,20,000 డాలర్లకు పైనే, దాంతోపాటు లీగ్‌లో యాజమాన్య వాటా. డబ్ల్యూఎన్‌బీఏ 2025 గరిష్ఠ జీతం 2,49,244 డాలర్లు, కనిష్ఠం 66,079. బేరానికి కూర్చున్నప్పుడు పక్కన ఇంకో కొలువు ఉండటం కంటే బలమైన వాదన లేదు.

రెండో ఎత్తు ఇంకా తెలివైంది. 2024 అక్టోబరులో ఆటగాళ్ల సంఘం 2020 ఒప్పందం నుంచి వైదొలిగింది. సీనియర్లు చాలామంది తమ వ్యక్తిగత ఒప్పందాలు 2025తో ముగిసేలా చూసుకున్నారు. లీగ్‌లోకి కొత్తగా వచ్చి రూకీ ఒప్పందాల్లో ఉన్నవాళ్లను తీసేస్తే దాదాపు అందరూ ఒకేసారి ఖాళీ. ప్రసార డబ్బు మొదలయ్యేది 2026లో. పాత రేటుకు సంతకం చేసి కొత్త డబ్బు చేతికి రాకుండా పోగొట్టుకునేవాళ్లు దాదాపు ఎవరూ మిగల్లేదు. 2025 జులైలో ఇండియానాపోలిస్ ఆల్‌స్టార్ మ్యాచ్‌కు ‘మాకు రావాల్సింది ఇవ్వండి’ అని రాసిన టీషర్టులతో వచ్చినప్పుడు వాళ్ల వెనక ఈ ఏర్పాటంతా ఉంది.

ఇక మన వైపు వద్దాం. మహిళల క్రికెట్‌లో 2022 అక్టోబరులో మ్యాచ్ ఫీజు సమానం చేశారు. టెస్టుకు 15 లక్షల రూపాయలు, వన్డేకు 6 లక్షలు, టీ20కి 3 లక్షలు. బాగుంది. కానీ వార్షిక కాంట్రాక్టులో అప్పట్లో మగవాళ్ల పై గ్రేడు 7 కోట్లు, ఆడవాళ్ల పై గ్రేడు 50 లక్షలు. ఏడాదికి ఒకటీ అరా టెస్టు ఆడేవాళ్లకు టెస్టు ఫీజు సమానం చేస్తే ఒరిగేదెంత?

వాటా లెక్క వేస్తే ఇంకో వింత బయటపడుతుంది. మహిళల ప్రీమియర్ లీగ్ (డబ్ల్యూపీఎల్) ప్రసార హక్కులు ఐదేళ్లకు 951 కోట్లు, ఏడాదికి 190. మొదటి ఏడాది 2023లో ఐదు జట్ల వేలం డబ్బు కలిపి 60 కోట్లు, అంటే ప్రసార ఆదాయంలో సుమారు 31 శాతం. ఐపీఎల్ హక్కులు ఐదేళ్లకు 48,390 కోట్లు. సగటున ఏడాదికి 9,678. 2023లో పది జట్ల వేలం డబ్బు కలిపి 950 కోట్లు, పది శాతం లోపు. నిష్పత్తిగా చూస్తే మన దగ్గర మగ క్రికెటర్ల వాటానే సన్నం. మొత్తం పెద్దది కావడంతో ఎవరూ అడగరు. అడగడానికి ప్రస్తుతం ఆడుతున్నవాళ్లకు సంఘమూ లేదు. భారత క్రికెటర్ల సంఘం రిటైరైనవాళ్లది.

బాస్కెట్‌బాల్‌లో మన అమ్మాయిల జీతం అంటే నేటికీ ఉద్యోగమే. జాతీయ స్థాయిలో ఏళ్లుగా ముందున్నది రైల్వే మహిళల జట్టు. 2011లో డబ్ల్యూఎన్‌బీఏ జట్ల ఎంపికలకు వెళ్లొచ్చిన గీతూ అన్నా జోస్ దక్షిణ రైల్వే క్రీడాకారిణి. కేరళలో అలాంటి ఉద్యోగం ఇచ్చేది విద్యుత్ బోర్డు. రైల్వే, పోర్టు, స్టీల్ ప్లాంటు, నేవీ ఉన్న విశాఖలో ఆడపిల్లను కోర్టుకు పంపే తల్లిదండ్రులు లెక్కేసుకునేదీ క్రీడా కోటానే. వాళ్లను తప్పుపట్టలేం. ఉద్యోగంలో పీఎఫ్ ఉంది, వైద్యం ఉంది, 26 వారాల ప్రసూతి సెలవు ఉంది. లీగ్ కాంట్రాక్టులో వచ్చేది వృత్తి ఫీజు. దాంట్లో పది శాతం టీడీఎస్ కోసుకుని మిగతాది ఇస్తారు, పైవేవీ ఉండవు. ఆరు వారాల లీగ్‌కు మూడు లక్షలంటే పెద్ద మొత్తంలా కనిపిస్తుంది. ఆఫీసు జీతంలేని సెలవు ఇస్తే ఆ రోజుల జీతం అందులోంచి తీసేసి చూసుకోవాలి. ఇక లీగ్ మళ్లీ వస్తుందన్న నమ్మకమూ లేదు. 2016లో ప్రొ కబడ్డీతో పాటు మూడు జట్లతో మహిళల కబడ్డీ చాలెంజ్ పెట్టారు. అది అక్కడితో సరి. ప్రొ కబడ్డీ మాత్రం 2025 ఆగస్టులో విశాఖలోనే కొత్త సీజన్ మొదలెట్టింది.

రేపు విశాఖ పేరుతో ఒక మహిళల జట్టు వచ్చిందనుకుందాం. అంకెలు ఊహించినవే. ఆదాయం 4 కోట్లు: లీగ్ నుంచి వచ్చే వాటా, స్పాన్సర్లు, టికెట్లు. ఖర్చు 3 కోట్లు: ఇండోర్ స్టేడియం అద్దె, చెక్క ఫ్లోరు, ప్రయాణాలు, హోటల్, ప్రచారం, కోచ్‌లు. యజమాని ఉదారంగా ‘నికర ఆదాయంలో సగం మీకే’ అంటాడు. నికరం కోటి, సగం 50 లక్షలు, పన్నెండు మందికి తలా 4 లక్షల చిల్లర. అదే ‘స్థూల ఆదాయంలో 30 శాతం’ అంటే 1.2 కోట్లు, తలా 10 లక్షలు. వినడానికి సగం పెద్దది, చేతికి ఎక్కువ వచ్చేది ముప్పైలోనే. పైగా ఆ 3 కోట్ల ఖర్చు ఎవరు రాస్తారు? జట్టు బస చేసే హోటల్ యజమానిదే కావచ్చు, బస్సులు బావమరిదివి కావచ్చు, ‘నిర్వహణ రుసుము’ అని మరో 40 లక్షలు రాయొచ్చు. అప్పుడు నికరం 60 లక్షలు, ఆటగాళ్ల సగం 30 లక్షలు. ఒక్క పద్దుతో ఒక్కొక్కరి జీతంలో లక్షన్నరకు పైగా ఎగిరిపోయింది, అందులో మోసం అని నిరూపించడానికేమీ దొరకదు. అమెరికాలోనూ 2025 చివర్లో బేరం స్థూలమా నికరమా అన్న ఈ ముడి దగ్గరే బిగుసుకుంది.

కాబట్టి కాంట్రాక్టు చేతికిచ్చినప్పుడు జీతం అంకె కంటే ముందు చూడాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. ఒప్పందం ఏ రోజు నుంచి మొదలవుతుంది? మొదటి మ్యాచ్ నుంచి అని ఉంటే శిక్షణ శిబిరంలో మోకాలి లిగమెంటు (ఏసీఎల్) తెగిన అమ్మాయి ఖాళీ చేతులతో ఇంటికి వెళ్తుంది. ఆ గాయం బాస్కెట్‌బాల్ ఆడే ఆడవాళ్లలో మగవాళ్లకంటే ఎక్కువ, కోలుకోవడానికి తొమ్మిది నెలలైనా పడుతుంది. శిబిరంలో చేరిన రోజు నుంచే జీతం, బీమా రెండూ నడవాలి. మధ్యలో తీసేస్తే మిగతా డబ్బు వస్తుందా అన్నది రెండోది. డబ్ల్యూఎన్‌బీఏ పాత ఒప్పందంలో కూడా జట్టుకు ఆరుగురికి మించి, తీసేసినా జీతం దక్కే రక్షిత ఒప్పందాలు ఇవ్వడానికి వీల్లేదు. మిగతావాళ్లను సీజన్ సగం దాటకముందే పంపేస్తే ఆడిన రోజులకే జీతం. మన దగ్గర ఆ రక్షణను పన్నెండు మందికీ రాయించుకోవచ్చు, ఆరు వారాల సీజన్‌లో యజమానికి అదేమంత భారం కాదు.

చెల్లింపు వాయిదాల్లో చివరిది ‘సీజన్ ముగిశాక’ అని ఉంటే జాగ్రత్త. మునిగిపోయే జట్టు ఎగ్గొట్టేది ఆ వాయిదానే. సంతకంతో మూడో వంతు, శిబిరం ముగిసేసరికి మూడో వంతు, చివరి లీగ్ మ్యాచ్‌కు ముందు మిగతాది అని రాయించుకుని, ఆ మొత్తానికి జట్టు నుంచి లీగ్ ముందే బ్యాంకు గ్యారంటీ తీసుకోవాలి. ఆదాయ వాటా ఇస్తామంటే ఆదాయం నిర్వచనం ఒక అనుబంధంగా జతకావాలి. అందులో ప్రసారం, స్పాన్సర్లు, టికెట్లు పేరుపేరునా ఉండాలి, పురుషుల జట్టుతో కలిపి అమ్మిన స్పాన్సర్ ఒప్పందం నుంచి మహిళల జట్టుకు ఎంత రాయాలో శాతం ముందే ఉండాలి, యజమాని సొంత సంస్థలకు చెల్లించే ఖర్చుకు పరిమితి ఉండాలి. లక్ష్యాలు పెడితే ఏ సీజన్‌కు ఆ సీజన్ విడిగా లెక్కించాలి. సీజన్ అయిన తొంభై రోజుల్లోగా ఆటగాళ్లు నియమించుకున్న ఆడిటర్‌కు పుస్తకాలు చూపించాలి, ఆ ఆడిటర్ ఫీజు జట్టు ఖర్చుల్లోంచి కాకుండా లీగ్ ఖాతా నుంచి వెళ్లాలి.