గండికోట: అప్పు సొమ్ముతో ముందు ఏది?

శుక్రవారం రాత్రి విజయవాడ, గుంటూరుల్లో బయల్దేరిన కార్లు వినుకొండ, గిద్దలూరు మీదుగా తెల్లారేసరికి గండికోట చేరుతున్నాయి. 400 కిలోమీటర్లకు అటూఇటూ ప్రయాణం. సూర్యోదయం, పెన్నా లోయ అంచున నాలుగు ఫొటోలు, టెంటు దగ్గర టిఫిన్, ఎండెక్కేలోపు తిరుగుముఖం. చలికాలమంతా వారాంతాల్లో ఇదే తంతు. రీల్స్‌లో ఖాళీగా కనిపించిన బండ మీద నిలబడాలంటే అక్కడ వంతు కోసం చూడాలి. పక్కనే ఉన్న మాధవరాయస్వామి గుడి, జామా మసీదు, ధాన్యాగారం వైపు వెళ్లేవాళ్లు తక్కువ.

వ్యాపారం వచ్చి గండికోట చెడిందనే మాట తరచూ వింటున్నాం. మేం ఒప్పుకోం. గండికోటకు వ్యాపారం కొత్త కాదు. 1650 ప్రాంతంలో పెమ్మసాని నాయకుల నుంచి ఈ కోటను గెలుచుకున్న మీర్ జుమ్లా గోల్కొండ మంత్రి మాత్రమే కాదు, పేరుమోసిన వజ్రాల వర్తకుడు. 1652లో ఫ్రెంచి నగల వ్యాపారి టావెర్నియే అంతదూరం వెళ్లింది లోయ చూడ్డానికేం కాదు, తన సరుకు ఆయనకు చూపించడానికి! కోట లోపల ఇప్పటికీ ఊరుంది. టెంటు అద్దెకిచ్చో, టీ అమ్మో ఆ ఊరివాళ్లు నాలుగు డబ్బులు చూసుకుంటే ఎవరికి నష్టం?

జనం వస్తారని తెలిసీ వాళ్లకు తగ్గ ఏర్పాట్లు చేయకపోతేనే నష్టం. గండికోట అభివృద్ధికి కేంద్రం 2024లో రూ.77.91 కోట్లు మంజూరు చేసింది. చాలామంది దీన్ని గ్రాంటు అనుకుంటున్నారు. రాష్ట్రాల పెట్టుబడి వ్యయానికి ఇచ్చే ఈ సాయం 50 ఏళ్లలో తీర్చాల్సిన వడ్డీలేని అప్పు. మన పిల్లలు కట్టే సొమ్ముతో ఇంకో సెల్ఫీ పాయింటు, ఇంకో రంగుల లైట్ల వరుస పెడతామంటే కుదరదు. మరుగుదొడ్లు, తాగునీరు, చెత్త ఎత్తే ఏర్పాటు ముందు రావాలి. బండల అంచున ఎక్కడిదాకా వెళ్లొచ్చో చెప్పి ఆపే మనిషి ఉండాలి. ఊరి కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చి గైడ్లుగా పెడితే జనం లోయతో పాటు కోటనూ చూస్తారు.

కార్ల సంగతి మన పాఠకులకూ చెప్పాలి. దసరాకు ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీదికి సొంత బండ్లు రానివ్వకపోతే గొణుక్కుంటూనే సర్దుకుంటున్నాం. గండికోటలో మాత్రం కారు గుడి మెట్ల దాకా పోవాలంటాం. కోట బయటే పార్కింగ్ పెట్టి, లోపలికి చిన్న బ్యాటరీ బండ్లు నడపాలి. పార్కింగ్ రుసుములో వాటా పారిశుద్ధ్యం కోసం నేరుగా గ్రామ పంచాయతీకి చేరాలి. సంక్రాంతి రద్దీకి ముందే బండ్లను బయట ఆపడం మొదలుపెట్టవచ్చు. దానికి 77 కోట్లు అక్కర్లేదు.