రాయి మీద పేరు ఎవరిది?

1992లో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఫ్రెడ్ విల్సన్ అనే కళాకారుడు మేరీలాండ్ హిస్టారికల్ సొసైటీలో ఒక అద్దాల బీరువా సర్దాడు. నగిషీ వెండి కూజాలు, గిన్నెల మధ్య బానిసలకు వేసిన ఇనుప సంకెళ్లు పెట్టాడు. లేబుల్ మీద 'లోహపు పని, 1793–1880' అని మాత్రమే రాశాడు. ఆ సంకెళ్లను బయటి నుంచి తేలేదు, అవి ఆ సంస్థ సామగ్రిలోనే ఉన్నాయి. వెండి, ఇనుము ఒకే ఇంటి చరిత్ర అని అంతవరకు ఎవరూ చూపించలేదు, అంతే.

ఇలా చూపించడం నేర్పే చదువుకు పబ్లిక్ హ్యుమానిటీస్ అని పేరు. అమెరికాలోని బ్రౌన్ లాంటి యూనివర్సిటీలు దీన్ని ఎంఏగా నడిపాయి. ప్రదర్శన ఎలా పెట్టాలి, ఎవరిని అడిగి పెట్టాలి అన్నవి ఇందులో పాఠాలు. నా దృష్టిలో రెండోదే అసలు పాఠం. దక్షిణాఫ్రికా కేప్‌టౌన్‌లో డిస్ట్రిక్ట్ సిక్స్ అనే పేటను 1966లో తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించి, ఆ తర్వాత 60 వేల మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. 1994లో అక్కడ మ్యూజియం తెరిచినప్పుడు నేల మీద ఆ పేట మ్యాప్ పరిచారు. తమ ఇల్లు ఎక్కడుండేదో ఇళ్లు పోగొట్టుకున్నవాళ్లే దాని మీద రాశారు.

మన అమరావతి బౌద్ధ స్తూపం సంగతి చూడండి. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి అక్కడ తవ్వించిన శిల్పాలు తర్వాత లండన్ చేరి 'ఇలియట్ మార్బుల్స్' (ఇలియట్ పాలరాళ్లు) అయ్యాయి. అదే స్తూపం దగ్గర దొరికిన ఒక ప్రాకృత శాసనంలో విధికుడు అనే తోలుపనివాడు కనిపిస్తాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం (నిండు కుండ) చెక్కిన పలకను దానం చేశాడట. దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి మాట! తవ్వించిన అధికారి పేరు లండన్ చేరిన రాళ్లకు అంటుకుంది. తన కష్టార్జితం ఇచ్చిన మనిషి పేరు మాత్రం శాసనాల పుస్తకాలు తిరగేసేవాళ్లకే తెలుసు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

అయితే ఈ చదువులోకి వచ్చేదెవరు? మ్యూజియం ఉద్యోగానికి ముందు జీతం లేని ఇంటర్న్‌షిప్ చేయడం అమెరికాలో చాలాకాలం మామూలుగా సాగింది. ఇంటి నుంచి డబ్బు వచ్చే పిల్లలే అలా నెగ్గుకురాగలరు. ఇంటర్న్‌లకు జీతం ఇవ్వండని అక్కడి ఆర్ట్ మ్యూజియం డైరెక్టర్ల సంఘం 2019లో గానీ తీర్మానించలేదు. మన దగ్గర మ్యూజియం కోర్సులు పెట్టేవాళ్లు ఫీజు కంటే ముందు దీని గురించే ఆలోచించాలి. విధికుడి పలకకు లేబుల్ రాసే పనిలో తోలుపని చేసిన ఇంటి అమ్మాయి కూడా ఉండాలంటే, స్టైపెండ్ మొదటి నెల నుంచే ఆమె చేతికి అందాలి.